పలాస బోర్మాకి లాప్‌టాప్ తగిలించిన వైనం: నా అనుభవం

పలాసలో జీడి వ్యాపారం చూసినవాళ్ళకి బోర్మా గురించి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఉద్దానం తోటల నుంచి, ఓడల మీద ఆఫ్రికా నుంచి వచ్చిన జీడి పిక్కల్ని ఆవిరి పట్టి, ఆరనిచ్చి, కటింగ్ చేసి పప్పు తీస్తారు. ఆ పప్పుని పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. అది ఊడాలంటే పప్పుని ట్రేల్లో పరిచి, 70 డిగ్రీలకి అటూ ఇటూగా ఉన్న వేడిగాలిలో ఆరేడు గంటలు ఉంచాలి. ఆ వేడిగాలి గదే బోర్మా. వేడి చాలకపోతే పొట్టు ఊడి రాదు. పీలింగ్ దగ్గర చాకుతో గీకీ గీకీ గుండు పప్పు కాస్తా బద్ద అయిపోతుంది. వేడి ఎక్కువైతే పప్పు ఎర్రబడుతుంది. పౌనుకి 320 గుండ్లు తూగే తెల్ల పప్పుగా అమ్మాల్సిన సరుకు మాడు రకం కిందకి దిగిపోతుంది. రేటులో తేడా ఎంతో వ్యాపారులకి నేను చెప్పాల్సిన పని లేదు.

కాశీబుగ్గలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. శ్రీకాకుళంలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. మా మేనమామకి ఊరి బయట చిన్న జీడి యూనిట్ ఉంది. అందులో కరెంటు హీటర్లతో నడిచే బోర్మా ఒకటి. రాత్రి వేసిన బ్యాచ్ పొద్దున తీస్తే చాలాసార్లు బాగానే వచ్చేది, ఉండుండి ఒకటి ఎర్రగా వచ్చేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టేది కాదు. బోర్మా తలుపు పక్కన ఒక థర్మోస్టాట్ ఉంది, వేడిని బట్టి హీటర్లని వెలిగించి ఆపేది. పొద్దున చూస్తే అది ఎప్పుడూ 70 దగ్గరే నిలబడి ఉంటుంది. మరి రాత్రి ఏమైనట్టు?

"ఒరే అల్లుడూ, ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లన్నీ బాగుచేస్తావు గదా, రేతిరంతా ఇందులో ఏటవుతోందో రాసిపెట్టే మిషనొకటి చేసి పెట్టరా" అన్నాడు మావయ్య. విశాఖ నుంచి వచ్చిన ఒక కొటేషన్ అప్పటికే చూసి బెదిరిపోయి ఉన్నాడు.

మా డిగ్రీ రోజుల్లో ఇలాంటి పనులకి ప్రింటర్ పోర్టే దిక్కు. సీ భాషలో 378 హెక్సా అడ్రసుకి ఒక అంకె పంపామంటే, ఆ అంకెలోని ఎనిమిది బిట్లూ ఎనిమిది పిన్నుల మీద వోల్టేజీలుగా వచ్చేసేవి. మధ్యలో వేరే ప్రాసెసర్ లేదు, డ్రైవర్ గొడవ లేదు. ఎల్ఈడీలు వరసగా వెలిగించి లెక్చరర్‌కి చూపించి మార్కులు కొట్టేసేవాళ్ళం. ఇప్పటి లాప్‌టాప్‌లకి ఆ పోర్టే లేదు. యూఎస్‌బీతో మాట్లాడాలంటే తీగకి అవతలి కొసన కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉండాల్సిందే. ఆ లోటు తీర్చింది ఆర్డువినో అనే చిన్న ప్రాసెసర్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్ళో డిజైన్ విద్యార్థుల కోసం మొదలుపెట్టారు దాన్ని. దాని నమూనా అందరికీ తెరిచిపెట్టారు కాబట్టి అదే పద్ధతిలో చేసిన బోర్డులు మనకి నాలుగైదు వందలకే దొరుకుతున్నాయి.

కాలేజీ ల్యాబ్ పనైతే నేను వేరే దారి చెబుతాను. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్ళు ఎక్స్‌పైస్ అని ఒక చిన్న పెట్టె తయారుచేశారు. పైథాన్‌లో ఒక్క లైను రాస్తే వోల్టేజీ చదివి పెడుతుంది, ఆసిలోస్కోపులా తరంగం కూడా గీస్తుంది. పిల్లలకి నేర్పడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు. కానీ జీడి పొట్టు దుమ్ములో, రాత్రంతా ఎవరూ తొంగిచూడని మూల పడుండే పనికి, పోతే పోయింది అనుకునే బోర్డే మేలు.

ముందు ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి చూశాను. పుస్తకాల్లో అందరూ దానితోనే మొదలుపెడతారు. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, లెక్క నోటితో చెప్పేయొచ్చు. ఆర్డువినో ఊనో అనే రకంలో వోల్టేజీని అంకెగా మార్చే కన్వర్టర్ 10 బిట్లది. అంటే 5 వోల్టుల్ని 1024 మెట్లుగా విడగొడుతుంది. మెట్టుకి 4.88 మిల్లీవోల్టులు, దాదాపు అర డిగ్రీ. మన పనికి అది చాలు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ 5 వోల్టులు నిజంగా 5 వోల్టులేనా? యూఎస్‌బీ తీగ సన్నదైతే బోర్డుకి చేరేది 4.7 కూడా ఉండొచ్చు. బోర్డు తన దగ్గరికి వచ్చిన వోల్టేజీతోనే పోల్చి కొలుస్తుంది, ప్రోగ్రామేమో 5 అనుకుని గుణిస్తుంది. దాంతో 70 డిగ్రీలు ఉన్నచోట తెర మీద 74 పడుతుంది. సెన్సర్ మంచిదే, ప్రోగ్రామ్ మంచిదే, కొలత మాత్రం తప్పు. బోర్డు లోపలున్న 1.1 వోల్టుల రిఫరెన్సుకి మార్చితే ఈ తేడా పోతుంది. మెట్టు కూడా డిగ్రీలో పదో వంతుకి దిగుతుంది. 110 డిగ్రీలు దాటి చదవలేదు గానీ, బోర్మాలో 110 వచ్చిందంటే ఇక చదవడానికి పప్పు మిగలదు.

అది సర్దుకున్నాక తీగ పొడవు సంగతి వచ్చింది. బోర్మా లోపలి నుంచి ఆఫీసు గది బల్ల దాకా తీగ హీటర్ల వైర్ల పక్కనుంచే రావాలి. మిల్లీవోల్టుల సిగ్నల్ ఆ దారిలో వస్తూ వస్తూ నానా చెత్తా మోసుకొచ్చేది. అంకెలు గెంతుతూనే ఉండేవి. సగటు తీసి, కెపాసిటర్ పెట్టి తంటాలు పడేకంటే సెన్సర్ మార్చడమే సుఖమని డీఎస్18బీ20 అనే ఇంకో సెన్సర్‌కి వెళ్ళిపోయాను. ఇది ఉష్ణోగ్రతని తనలోనే అంకెగా మార్చి పంపుతుంది. తీగ మీద వచ్చేది ఒకట్లూ సున్నాలే. దారిలో చెడితే సరిచూసుకునే సీఆర్‌సీ కూడా వెంటే వస్తుంది. ప్రతి సెన్సర్‌కీ 64 బిట్ల సొంత నంబరు ఉంటుంది కాబట్టి ఒకే తీగకి ఎన్నో కట్టొచ్చు. డేటా తీగకీ 5 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి మాత్రం మర్చిపోకూడదు. స్టీలు గొట్టంలో సీలు చేసినవి తెప్పించి పై ట్రే దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి కట్టాను. వీటిలో నకిలీవి బాగా తిరుగుతున్నాయి. అందుకని గాజు గ్లాసులో మంచు ముక్కలు దంచి వేసి, కాస్త నీళ్ళు పోసి, అన్నిట్నీ కలిపి ముంచి చూశాను. సున్నాకి అర డిగ్రీ లోపల లేనిదాన్ని పక్కన పడేశాను.

లాప్‌టాప్ వైపు పని పైథాన్‌లో, పోర్టుతో మాట్లాడటానికి ముందే రాసిపెట్టిన పైసీరియల్ అనే లైబ్రరీతో. ఇది నిజానికి చిన్న ప్రోగ్రామే. బోర్డు సెకనుకోసారి ఒక లైను పంపుతుంది, లాప్‌టాప్ దానికి టైము కలిపి ఫైల్లో రాస్తుంది. కానీ మొదటిసారి చేసేవాళ్ళు తల పట్టుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. తీగతోనే మొదలవుతుంది. ఫోన్ ఛార్జింగ్‌కి వచ్చే తీగల్లో కొన్నిటికి డేటా వైర్లే ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం బోర్డు కనపడదు. నా షాపుకి "బోర్డు పోయింది సార్" అని పట్టుకొచ్చే డిప్లొమా పిల్లల్లో సగం మందికి నేను చేసే రిపేరు తీగ మార్చి ఇవ్వడమే. చవక బోర్డుల్లో యూఎస్‌బీ చిప్ సీహెచ్340 కాబట్టి, పాత విండోస్‌లో దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి. ఒక సాకెట్‌లోంచి తీసి ఇంకో సాకెట్‌లో పెడితే కంప్యూటర్ ఆ పోర్టుకి ఇచ్చే కామ్ నంబరు మారిపోతుంది. అందుకని ప్రోగ్రామ్‌లో నంబరు రాసిపెట్టలేదు. ఉన్న పోర్టులన్నిట్నీ వరసగా తెరిచి ఒక ప్రశ్న గుర్తు పంపుతుంది, "బోర్మా" అని జవాబిచ్చిన పోర్టుని పట్టుకుంటుంది.

ఇంకొకటుంది, దీన్ని ముందే చెప్పేవాళ్ళు తక్కువ. ప్రోగ్రామ్ పోర్టు తెరవగానే ఊనో బోర్డు రీసెట్ అవుతుంది. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడానికి వీలుగా అలా కట్టారు. తెరిచిన వెంటనే పంపిన మాట గాలిలో కలిసిపోతుంది, రెండు సెకన్లు ఆగి పంపాలి. ఇక చదివేటప్పుడు ఇంతసేపే ఎదురుచూడాలని టైమౌట్ పెట్టకపోతే, బోర్డు మాట్లాడటం ఆపిన క్షణాన ప్రోగ్రామ్ అలా నోరు తెరుచుకుని నిలబడిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. నేను మూడు సెకన్ల టైమౌట్ పెట్టి, లైను రాకపోతే ఫైల్లో "పలకలేదు" అని రాయించాను. ప్రతి లైనూ రాసిన వెంటనే డిస్కులోకి తోయించాను, లేకపోతే లాప్‌టాప్ ఆరిపోయినప్పుడు ఆఖరి ముక్కే దొరకదు. మనకి కావలసింది తరచూ ఆ ఆఖరి ముక్కే. లాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా సెట్టింగు మార్చడం కూడా ఈ లెక్కలోదే.

ఇలా తయారైన పాత లాప్‌టాప్‌ని బోర్మా ఆఫీసు గదిలో పెట్టాను. హీటర్ల జోలికి ఇంకా పోలేదు, ఊరికే చూసి రాయడమే దాని పని. బోర్మా చూసే పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి బాబూ, ఇది మా మీద సాడీలు సెప్పడానికా?" అన్నాడు. కాదు తాతా, బోర్మా మీద చెప్పడానికి అన్నాను. పెద్దగా నమ్మినట్టు లేదు.

కొన్ని రాత్రులు గీతలు చక్కగా వచ్చాయి. పై ట్రే, కింద ట్రే నాలుగైదు డిగ్రీల తేడాతో జతగా నడిచేవి. ట్రేలు పైవి కిందకి, కిందవి పైకి మార్చే పాత అలవాటు ఎందుకొచ్చిందో గ్రాఫ్‌లోనే కనిపించింది. తర్వాత ఒక రోజు ఎర్ర బ్యాచ్ వచ్చింది. ఫైలు ఎక్సెల్‌లో తెరిచి గ్రాఫ్ గీశాను. అర్ధరాత్రి దాటాక కాసేపు మూడు గీతలూ మెల్లగా కిందకి దిగాయి. కరెంటు పోయిందన్నమాట, లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది, బోర్డు దాని మీద బతికింది. ఆ తర్వాత కరెంటు వచ్చింది. అక్కడి నుంచి గీతలు విడిపోయాయి. కింద సెన్సర్ 50ల్లోనే దేకుతోంది, పైది ఎక్కుతూ ఎక్కుతూ 90 దాటింది.

ఆ గ్రాఫ్ పట్టుకుని బోర్మా దగ్గర నిలబడితే కారణం కళ్ళెదుటే ఉంది. లోపల వేడిగాలి తిప్పే ఫ్యాన్, అదే బ్లోయర్, దాని మోటారుకి స్టార్టర్ ఉంది. కరెంటు పోగానే స్టార్టర్ పడిపోతుంది, మళ్ళీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. మనుషుల చేతులు పోకుండా కాపాడే ఏర్పాటది, దాన్ని తప్పుపట్టలేం. హీటర్లకి అలాంటిదేమీ లేదు. కరెంటు రాగానే థర్మోస్టాట్ వాటిని మళ్ళీ వెలిగించేస్తుంది. గాలి తిరగనప్పుడు వేడంతా పైకి పోతుంది. వేడిని పసిగట్టే థర్మోస్టాట్ బల్బేమో కింద, గాలి వెనక్కొచ్చే దారిలో ఉంది. దానికి చల్లగానే తగులుతుంది కాబట్టి హీటర్లని ఇంకా ఇంకా మండిస్తుంది. పెద్దాయనకి మెలకువ వచ్చి వెంటనే బటన్ నొక్కితే బ్యాచ్ బతుకుతుంది, ఆలస్యంగా నొక్కితే లేదు. తెల్లారేసరికి అంతా 70కి సర్దుకుని ఉంటుంది. మనం చూసేది అప్పుడు.

"రేతిరి కరెంటు పోయొచ్చిందంటే పప్పు ఎర్రబడతాదని నాను ఎప్పుడో సెప్పినాను, ఇన్నారా?" అన్నాడు పెద్దాయన. చెప్పిన మాట నిజమే. వోల్టేజీ ఎక్కువొచ్చి ఉంటుందని అందరూ ఆ మాటని అక్కడితో వదిలేశారు.

మందు కూడా చవకే. బ్లోయర్ స్టార్టర్‌లో ఖాళీగా పడున్న అదనపు కాంటాక్టు మీదుగా హీటర్ల కాంటాక్టర్ (హీటర్లకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) కాయిల్‌కి వైరు తిప్పాం. బ్లోయర్ తిరిగితేనే హీటర్లు వెలుగుతాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి అరగంటలో చేసి వెళ్ళాడు. ప్రోగ్రామ్ లేదు, ఆర్డువినో లేదు. అందుకే ఎవరైనా మిషన్‌ని కంప్యూటర్‌తో నడపాలని వస్తే, ముందు కొన్నాళ్ళు ఊరికే కొలిచి రాయించండి, కంట్రోల్ సంగతి తర్వాత చూద్దాం అని చెబుతున్నాను.

మావయ్య అక్కడితో ఆగలేదు. బ్యాచ్ మొదట్లో తక్కువ వేడి, తర్వాత పూర్తి వేడి, ఆఖర్న దానంతటదే ఆగిపోవాలి అన్నాడు. సరే, బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్చు, రిలే తెచ్చాను. రిలే బోర్డు కాంటాక్టు మీద 10 ఆంపియర్లు అని ముద్ర ఉన్నంత మాత్రాన హీటర్లని దాని మీద వేయకూడదు. రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే లాగాలి, కాంటాక్టర్ హీటర్లని లాగాలి. 230 వోల్టుల వైపు నేను చెయ్యి పెట్టలేదు, అది ఎలక్ట్రీషియన్ పని. పాత థర్మోస్టాట్‌ని తీసేయలేదు, 80 దగ్గర పెట్టి సిరీస్‌లోనే ఉంచాం. దాని బల్బుని కూడా పై ట్రే ఎత్తుకి మార్పించాం. నా ప్రోగ్రామ్ మీద నాకెంత నమ్మకం ఉన్నా, అడ్డు కొట్టడానికి ఇంకొకటి ఉండాలి.

రిలే తగిలించిన రోజు వింతగా, లాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా కాంటాక్టర్ ఒకసారి ఢబ్‌మని కొట్టుకునేది. ఈ చవక రిలేలు చాలావరకు పిన్ను సున్నా వోల్టులకి దిగితే ఆన్ అవుతాయి. పోర్టు తెరిస్తే బోర్డు రీసెట్ అవుతుందని చెప్పాను కదా. రీసెట్ తర్వాత పిన్నుని అవుట్‌పుట్‌గా ప్రకటించగానే అది ముందు సున్నాలో ఉంటుంది, కింది లైనులో మనం హై అని రాసేదాకా. ఆ లిప్తపాటు చాలు రిలేకి. రెండు లైన్లూ తారుమారు చేసి, ముందు హై అని రాసి తర్వాత అవుట్‌పుట్‌గా ప్రకటిస్తే ఢబ్ ఆగింది.

అంతకన్నా టెన్షన్ పెట్టింది సెన్సర్ అంకెలు. కాంటాక్టర్ పడిన క్షణంలో ఒక్కోసారి 85.00 అని వచ్చేది, అరుదుగా -127. డీఎస్18బీ20కి పవర్ తెగి మళ్ళీ వస్తే, కొత్తగా కొలిచేలోపు దాని నోట్లో ఉండే అంకె 85. పూర్తి కొలతకి 750 మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోపు అడిగితే 85 అంటుంది. -127 ఏమో సెన్సర్ దొరకలేదని లైబ్రరీ చెప్పే సంకేతం. 85ని నమ్మితే హీటర్లు ఊరికే ఆగుతాయి, నష్టం లేదు. -127ని నమ్మితే? బోర్మా గడ్డకట్టుకుపోయిందనుకుని ప్రోగ్రామ్ హీటర్లు ఆన్ చేసి కూర్చుంటుంది. తీగ తెగినప్పుడు వచ్చే అంకె కూడా ఇదే. కాబట్టి నమ్మదగని అంకె ఏది వచ్చినా కాసేపు మళ్ళీ అడగాలి, అయినా అదే వస్తే హీటర్లు ఆపి బజర్ మోగించాలి. అసలు కాంటాక్టర్ పడినప్పుడు పుట్టే వోల్టేజీ కుదుపే రాకుండా దాని కాయిల్‌కి అడ్డంగా, ఆ కుదుపుని మింగే స్నబ్బర్ వేయించాం, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి వరసలో 100 ఓములు. రిలేకి 5 వోల్టులు వేరే అడాప్టర్ నుంచి ఇచ్చాను. బోర్డుకి కూడా బ్యాటరీతో పనిచేసే విడి సప్లై పెట్టాను. ఆ తర్వాత అంకెలు కుదురుకున్నాయి.

నిర్ణయం లాప్‌టాప్ చేతిలో పెట్టాలా, బోర్డు చేతిలోనా అన్నది చాలామంది ఆలోచించకుండా దాటేసే విషయం. లాప్‌టాప్‌లో రాయడం తేలిక, గ్రాఫ్ ఉంటుంది, బటన్లు ఉంటాయి. కానీ అది ఎప్పుడు అప్‌డేట్ అంటుందో, ఎవరు మూత వేస్తారో తెలీదు. హీటర్లని అది నడిపితే, అది ఆగిన చోట హీటర్లు ఏ స్థితిలో ఉంటే అదే స్థితిలో ఉండిపోతాయి. అందుకని 68కి వెలిగించి 71కి ఆపే పని బోర్డుకే అప్పజెప్పాను. హీటర్లు ఆపినా వాటిలో మిగిలిన వేడి ఇంకో రెండు మూడు డిగ్రీలు లాక్కుపోతుంది, 71 అన్నది ఆ లెక్క కలుపుకునే. బోర్డు ఎక్కడైనా చిక్కుకుంటే 8 సెకన్లలో దాన్ని రీసెట్ చేసే వాచ్‌డాగ్ కూడా పెట్టాను. నానో అనే చవక రకం బోర్డుల్లో పాత బూట్‌లోడర్ (బోర్డు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉంటే ఈ వాచ్‌డాగ్ వల్ల రీసెట్ల మీద రీసెట్లు అయి బోర్డు లేవదు, ఊనోలో ఆ బాధ లేదు. లాప్‌టాప్ చేసేది రెండే పనులు: బ్యాచ్ మొదలైనప్పుడు ఎంత వేడి, ఎంతసేపు అని చెప్పడం, మిగతా టైమంతా పద్దు రాయడం. చెప్పిన విలువల్ని బోర్డు, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్‌లో దాచుకుంటుంది, మారినప్పుడు మాత్రమే. అది లక్ష రాతలకే హామీ ఉన్న మెమరీ, సెకనుకోసారి రాస్తే రెండు రోజుల్లోపే అయిపోతుంది.

ఇప్పుడు మావయ్య అడుగుతున్నది ఇంకోటి. ఆరేడు గంటలని టైము పెట్టడం కాకుండా, పప్పు ఆరగానే ఆగాలట. న్యాయమైన కోరికే, వానాకాలం పిక్క వేరు, ఎండాకాలం పిక్క వేరు. తేమ సెన్సర్ ఆ వేడిలో, ఆ జీడి నూనె ఆవిర్లలో ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు అనుమానం. దానికంటే బరువు తూచడం మేలనిపించింది. 8 శాతం తేమతో 10 కిలోల పప్పు ట్రేలో పెడితే, 4 శాతానికి వచ్చేసరికి సుమారు 417 గ్రాములు తగ్గాలి. హెచ్ఎక్స్711 అనే 24 బిట్ల చిప్‌తో ఉన్న, బరువు కొలిచే లోడ్‌సెల్‌కి ఆ తేడా చాలా పెద్దది. లోడ్‌సెల్‌ని వేడిలో పెడితే అంకె జారిపోతుంది కాబట్టి దాన్ని బోర్మా పైకప్పు మీద బయట బిగించి, చిన్న కన్నంలోంచి స్టీలు తీగతో ఒక ట్రేని లోపల వేలాడదీశాం. బ్లోయర్ గాలికి ట్రే ఊగి గ్రాములు గెంతుతున్నాయి. పావుగంటకోసారి బ్లోయర్‌ని ఇరవై సెకన్లు ఆపి, ఊగడం తగ్గాక తూచి, మళ్ళీ తిప్పించాలని చూస్తున్నాను. అలా చేస్తే ఆ ఇరవై సెకన్లూ హీటర్లు కూడా వాటంతటవే ఆగుతాయి, మొన్న తిప్పించిన వైరు వల్ల. అయితే స్టార్టర్‌ని రిలేతో మళ్ళీ నొక్కించడానికి ఎలక్ట్రీషియన్ ఒప్పుకోవడం లేదు, మనిషి ఎవరైనా ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టి ఉంటే ఎలా అంటున్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ముందు ఫ్యాన్‌కి జాలీ కొట్టిస్తానని మావయ్య అన్నాడు, వెల్డింగ్ వాడు రావాలి.